కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, ఒమాన్: పక్కపక్కనే ఉన్నా ఇంత తేడా ఎందుకు?

లెక్చరర్_రాయచోటి

అందరికీ నమస్కారం. మా ఊళ్లో కువైట్‌తో సంబంధం లేని వీధి ఉండదు. అయినా క్లాసులో గల్ఫ్ దేశాల ఆర్థిక పరిస్థితి చెప్పబోతే పిల్లలు ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. "ఆయిల్ పడింది సార్, డబ్బొచ్చింది" అంటారు.

నాకది సరిపోవడం లేదు. ఆయిల్ అందరికీ ఎంతో కొంత పడింది కదా. మరి కువైట్‌లో 1963 నాటికే ఎన్నికైన పార్లమెంటు ఎందుకొచ్చింది? దుబాయ్ ఓడరేవుల మీద, బహ్రెయిన్ బ్యాంకుల మీద, ఖతార్ గ్యాస్ మీద ఎందుకు నడుస్తున్నాయి? భాష ఒకటే, మతం ఒకటే, తిండి కూడా ఇంచుమించు ఒకటే. తేడా ఎక్కడ మొదలైంది? అక్కడ ఉంటున్నవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి. పిల్లలకి వినిపిస్తాను.

దేరా_దుకాణం

సార్, నమస్తే. మాది జగిత్యాల, ఉండేది దుబాయ్. పిల్లలు చెప్పినదాంట్లో సగం నిజమే. కాకపోతే ఎవరికి ఎప్పుడు దొరికిందో కూడా చూడాలి. బహ్రెయిన్‌లో 1932. కువైట్, సౌదీల్లో 1938. అబుదాబిలో 1958. దుబాయ్‌లో 1966. ఒమాన్ మొదటి ఎగుమతి 1967లో. అంటే బహ్రెయిన్‌లో రిఫైనరీ నడుస్తున్న రోజుల్లో దుబాయ్‌వాళ్లు ఇంకా సరుకు కొని అమ్ముకునే బతుకుతున్నారు. ముందొచ్చినవాళ్లకి ఒక దారి, ఆలస్యంగా వచ్చినవాళ్లకి ఇంకో దారి పడింది.

చరిత్ర_చదువరి

దేరా అన్న చెప్పిన తేదీలు సరైనవే. కానీ కథ ఇంకా వెనక నుంచి మొదలవ్వాలి. ఆయిల్‌కి ముందు ఈ తీరమంతా ముత్యాల మీద బతికింది. అది తెలియకపోతే తర్వాత జరిగినదేదీ అర్థం కాదు.

సుమారు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వేట. పడవ నాయకుణ్ణి నఖుదా అంటారు. ఒక్కో పడవలో మునిగేవాళ్లు, వాళ్లని తాడుతో పైకి లాగేవాళ్లు, కష్టం మరిచిపోయేలా పాట పాడే ఒకాయన ఉండేవారు. మునిగే మనిషి ముక్కుకి కొమ్ముతోనో తాబేటి చిప్పతోనో చేసిన క్లిప్పు పెట్టుకునేవాడు. వేళ్లకి తోలు తొడుగులు, మెడలో వలబుట్ట, కాలికి రాయి. ఊపిరి బిగబట్టి నిమిషం, నిమిషంన్నర అడుగున ఉండి, చేతికందిన ఆల్చిప్పలన్నీ ఏరి తాడు లాగేవాడు. పైకొచ్చి కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ దిగేవాడు. పొద్దున్నే నాలుగు ఖర్జూరాలు, కాఫీ. కడుపు నిండితే మునగడం కష్టం కాబట్టి అన్నం, చేప రాత్రికే.

ఇక లెక్కలు. సీజన్‌కి ముందే నఖుదా దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు, ఇంట్లోవాళ్లు నాలుగు నెలలు తినాలి కదా. సీజన్ అయ్యాక ముత్యాలు అమ్మి, ఖర్చులు, వడ్డీ పోను వాటాలు వేస్తే అప్పు తీరేది కాదు. పుస్తకం నఖుదా చేతిలో, చదువు రానిది మునిగేవాడికి. తండ్రి చనిపోతే ఆ అప్పు కొడుకు మీద పడేది, వాడూ అదే పడవ ఎక్కేవాడు. 1920ల్లో బహ్రెయిన్‌లో సంస్కరణలు తెచ్చి, మునిగే ప్రతి మనిషికీ తన లెక్కల పుస్తకం తనకివ్వాలన్నారు. అంత చిన్న మార్పుకి కూడా పెద్ద గొడవలయ్యాయి.

ముత్యాలు చాలావరకు బొంబాయి బజారుకి వెళ్లేవి. మన హైదరాబాద్ నవాబుల హారాల్లోని 'బస్రా ముత్యాలు' ఈ నీళ్లవే. తర్వాత జపాన్‌లో మికిమోతో పెంపకపు ముత్యాలు తీశాడు. 1920ల్లో అవి బజారుని ముంచెత్తాయి. 1929 మాంద్యంతో కొనేవాళ్లూ లేకుండా పోయారు. పదేళ్లలో తీరం తీరమంతా కూలిపోయింది. సరిగ్గా అప్పుడే, 1932లో, బహ్రెయిన్‌లో జబల్ దుఖాన్ దగ్గర ఆయిల్ పడింది. మిగతావాళ్లు పస్తులున్న ఆ ఏళ్లలో ఎవరు ఏం చేశారన్నదే అసలు తేడా అని నా అభిప్రాయం.

ముహర్రక్_నుంచి

చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. నేను బహ్రెయిన్‌లో ఎలక్ట్రికల్ పనిలో ఉన్నాను. ఇక్కడి పెద్దాయన ఒకాయన వాళ్ల తాతకి చెవులు వినపడేవి కాదని, మునిగీ మునిగీ అలా అయిందని చెప్పేవారు.

బహ్రెయిన్ సంగతి నేను చూసినంతలో: ముందు దొరికింది, ముందే తగ్గింది. 1936కే రిఫైనరీ, 1971కి అల్యూమినియం ఫ్యాక్టరీ. ఆయిల్ ఎక్కువ కాలం ఉండదని వాళ్లకి తొందరగానే తెలిసింది. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక బీరూట్ బ్యాంకులకి ఇంకో చోటు కావలసి వచ్చింది. ఆ ఏడే బహ్రెయిన్ విదేశీ బ్యాంకులకి తలుపు తెరిచింది. చాలా కాలం గల్ఫ్ డబ్బుకి ఇక్కడి రాజధాని మనామానే కేంద్రం. తర్వాత దుబాయ్ లాగేసుకుంది.

ఇప్పుడు ప్రభుత్వ ఆదాయంలో పెద్ద భాగం అబూ సఫా అనే సముద్రపు బావి నుంచి వస్తుంది. అది సౌదీతో ఉమ్మడిది, నడిపేది సౌదీ వాళ్లే. 2018లో అప్పులు మీదికొచ్చినప్పుడు సౌదీ, యూఏఈ (దుబాయ్, అబుదాబి ఉన్న దేశం), కువైట్ కలిసి 1000 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. 1986లో కట్టిన 25 కిలోమీటర్ల వంతెన మీద గురువారం సాయంత్రం సౌదీ కార్ల వరస చూస్తే ఈ దేశం ఎవరి మీద ఆనుకుని ఉందో తెలిసిపోతుంది. రాజకుటుంబం సున్నీలు, జనంలో షియాలు ఎక్కువ. 2011లో జనం ముత్యం గుర్తున్న కూడలిలోనే గుమిగూడారు. సౌదీ బలగాలు వంతెన దాటి వచ్చాయి, కొద్దిరోజులకే ఆ కూడలినే పడగొట్టేశారు. పొరుగువాడి సాయానికి ఉండే ధర ఇది.

సాల్మియా_అకౌంట్స్

రాయచోటి సార్, మాది రాజంపేట దగ్గరే. కువైట్‌లో అకౌంటెంట్‌ని. పార్లమెంటు ఎందుకొచ్చిందో అడిగారు కదా, దానికి జవాబు వర్తకులు.

ఆయిల్‌కి ముందు కువైట్ పాలకుడికి ఆదాయం వర్తకుల దగ్గర్నుంచే వచ్చేది. మంచినీళ్లు కూడా బస్రా దగ్గర షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో తెచ్చుకున్న ఊరిది. బస్రా ఖర్జూరాలు మన మలబారు తీరానికి, ఆఫ్రికాకి వెళ్లేవి. తిరుగు ప్రయాణంలో మలబారు కలప వచ్చేది, ఆ కలపతోనే ఇక్కడి పడవలు. 1910 ప్రాంతంలో షేక్ ముబారక్ పన్నులు పెంచి, ముత్యాల వేటకి అడ్డు చెబితే పెద్ద వర్తకులు కొందరు పడవలతో సహా బహ్రెయిన్ వెళ్లిపోయారు. షేక్ వాళ్లని బతిమాలి వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. 1938లో ఆ వర్తకులే శాసన మండలి పెట్టించారు. ఆర్నెల్లు నడిచింది, తర్వాత మూసేశారు. ఆయిల్ డబ్బు వచ్చాక పాలకుడికి వాళ్ల పన్ను అక్కర్లేదు. కానీ ఆ అడిగే అలవాటు పోలేదు. 1961లో స్వాతంత్ర్యం, 1962లో రాజ్యాంగం, 1963లో ఎన్నికలు. 2024 మేలో అమీర్ పార్లమెంటుని రద్దు చేసి నాలుగేళ్ల వరకు ఆపేశారు, అది వేరే బాధ.

ఇంకోటి, పొరుగువాళ్ల భయం. 1902లో, తర్వాత సౌదీ రాజ్యం స్థాపించిన అబ్దులజీజ్ రియాద్ గెలవడానికి బయల్దేరింది కువైట్ నుంచే, వాళ్ల కుటుంబం ఇక్కడే తలదాచుకుంది. ఇరవై ఏళ్లలో కథ తిరగబడింది. 1920లో ఆయన తరఫు ఇఖ్వాన్ సైన్యం కువైట్‌లోని జహ్రా మీదికి వచ్చింది. 1922లో ఉకైర్‌లో బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ గీసిన గీతతో కువైట్ తనదనుకున్న నేలలో దాదాపు మూడింట రెండొంతులు అబ్దులజీజ్ ఏలే నజ్ద్‌కి పోయింది. కువైట్ పాలకుడు ఆ సమావేశంలో లేడు కూడా. ఆ తర్వాత 1923 నుంచి 1937 దాకా నజ్ద్ వైపు నుంచి వ్యాపార దిగ్బంధం. ఇటు ఇరాక్ 1961లో కువైట్ మాదేనంది, 1990 ఆగస్టు 2న వచ్చేసింది.

ఆ భయం ఉన్న దేశం డబ్బు ఎక్కడ దాచుకుంటుంది? బయట. 1953లోనే లండన్‌లో పెట్టుబడుల బోర్డు పెట్టింది కువైట్. ఇలాంటి ప్రభుత్వ నిధుల్లో ప్రపంచంలో అదే మొదటిది. 1990లో దేశం మొత్తం చేయిజారినప్పుడు ప్రవాసంలో ఉన్న ప్రభుత్వాన్ని నడిపింది ఆ డబ్బే.

దోహా_నర్సు

అన్నా, దిగ్బంధం అన్నారు కదా, అది నేను కళ్లారా చూశాను. 2017 జూన్ 5, సోమవారం. రంజాన్ నెల. నైట్ డ్యూటీ అయ్యి బయటికొచ్చేసరికి ఫోన్లన్నీ మోగుతున్నాయి. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు సంబంధాలు తెంచుకున్నాయని. ఖతార్‌కి భూమి మీద ఉన్నది ఒక్కటే సరిహద్దు, సౌదీతో. తినే వస్తువుల్లో చాలా భాగం ఆ దారినే లారీల్లో వచ్చేది. సూపర్ మార్కెట్‌కి వెళ్తే పాల అరలు ఖాళీ, చికెన్ లేదు, ట్రాలీల్లో బియ్యం బస్తాలు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మకి ఒకటే టెన్షన్, వచ్చెయ్యమని.

కొద్దిరోజులకే టర్కీ పాలు వచ్చాయి, ఇరాన్ నుంచి కూరగాయలు. ఆ వేసవిలోనే విమానాల్లో ఆవుల్ని దింపారు, ఎడారిలో ఏసీ షెడ్లలో పెంచారు. ఇప్పుడు ఖతార్ పాలు ఖతార్‌లోనే. మూడున్నరేళ్లు నడిచి 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది. మధ్యలో రాయబారాలు నడిపింది కువైట్ అమీరే. వాళ్లకి ఆ నొప్పి తెలుసు కాబట్టే అనుకుంటాను.

డబ్బు సంగతికొస్తే ఖతార్‌ని నిలబెట్టింది ఆయిల్ కన్నా గ్యాస్. నార్త్ ఫీల్డ్ అనే గ్యాస్ క్షేత్రం 1971లో దొరికింది. కానీ పైపులైన్ వేసి కొనే పొరుగువాడు లేడు, పాతికేళ్లు అది పెద్దగా అక్కరకు రాలేదు. గ్యాస్‌ని బాగా చల్లార్చి ద్రవంగా చేసి ఓడల్లో పంపడానికి అప్పులు చేసి ప్లాంట్లు కట్టారు. 1996 చివర్లో మొదటి ఓడ జపాన్‌కి వెళ్లింది. 2004 నుంచి గుజరాత్‌లోని దహేజ్‌కి ఏటా వస్తోంది. ఓడల్లో పంపడం అలవాటైంది కాబట్టే 2017లో కొనేవాళ్లు చెక్కుచెదరలేదు.

దేరా_దుకాణం

ఇక దుబాయ్ గురించి నేను చెప్తా. "ఆయిల్ లేకుండా కట్టిన ఊరు" అని వీడియోల్లో ఒకటే ఊదరగొడతారు, అది నాకు నచ్చదు. 1966లో దొరికిన ఫతే బావి డబ్బే లేకపోతే 1972లో పోర్ట్ రషీద్ గానీ, 1979లో జబల్ అలీ రేవు గానీ అంత పెద్దగా వచ్చేవి కావు. 2009లో అప్పు కట్టలేక చేతులెత్తేసే పరిస్థితి వస్తే అబుదాబి 1000 కోట్ల డాలర్లిచ్చింది. నెల తిరక్కుండానే బుర్జ్ దుబాయ్ పేరు అబుదాబి పాలకుడి పేరుతో బుర్జ్ ఖలీఫా అయింది.

అయితే వ్యాపారం మాత్రం ఆయిల్ కన్నా ముందుదే. ఇరాన్ తీరంలో లింగా అనే రేవు ఉండేది. అక్కడ కస్టమ్స్ సుంకాలు పెరిగితే, 1900 దాటిన తొలి ఏళ్లలో దుబాయ్ షేక్ సుంకం తీసేసి "ఇటు రండి" అన్నాడు. లింగా, బస్తక్ వర్తకులు వచ్చి క్రీక్ (ఊళ్లోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) పక్కన ఇళ్లు కట్టుకున్నారు. ఆ గాలి గోపురాల ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, బస్తకియా అంటారు. తర్వాత క్రీక్‌లో ఇసుక మేట వేస్తే షేక్ రషీద్ కువైట్ దగ్గర అప్పు తెచ్చి తవ్వించాడు. ఇంకా ఆయిల్ చుక్క దొరకలేదు అప్పటికి. అరవైల్లో ఇక్కడ చట్టబద్ధంగా కొన్న బంగారం పడవల్లో మన బొంబాయి తీరానికి దొంగచాటుగా చేరేది. పొరుగు రేవు చేసిన ప్రతి తప్పునీ దుబాయ్ లాభం చేసుకుంది. నేను రోజూ చూసే దేరా అదే.

చరిత్ర_చదువరి

బంగారం మాట వచ్చింది కాబట్టి ఒకటి జోడిస్తాను. 1950ల్లో కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్‌లలో చెల్లింది మన రూపాయే. ఆ రూపాయిలతో బంగారం కొని మన దేశంలోకి దొంగతనంగా తేవడం, ఆ నోట్లు మళ్లీ రిజర్వ్ బ్యాంకుకి చేరి విదేశీ మారకం కరిగిపోవడం. అది ఆపడానికి 1959లో గల్ఫ్ కోసం వేరే రంగు నోట్లు ముద్రించారు. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో దీనార్లకి మారాయి. 1966 జూన్‌లో మనం రూపాయి విలువ తగ్గించాక ఖతార్, దుబాయ్ కూడా వదిలేశాయి. చివరిదాకా వాడింది ఒమాన్, 1970 వరకు.

మస్కట్_మాస్టారు

ఒమాన్ పేరు చివర్లో వచ్చింది, ఎప్పుడూ అంతే. కానీ వీటన్నిటికన్నా పాత రాజ్యం ఇదే. ఇక్కడ చాలామంది ఇబాదీలు, సున్నీలూ కారు, షియాలూ కారు.

19వ శతాబ్దంలో సుల్తాన్ సయ్యిద్ సయీద్ తన రాజధానిని ఆఫ్రికాలోని జాంజిబార్‌కే మార్చుకున్నాడు. లవంగ తోటలు, ఏనుగు దంతాలు, బానిసల వ్యాపారం. ఆ చివరిదాన్ని దాచిపెట్టి ఒమాన్ వైభవం చెప్పడం న్యాయం కాదు. 1856లో ఆయన పోయాక కొడుకులు కొట్టుకున్నారు. 1861లో భారత వైస్రాయ్ కానింగ్ రాజ్యాన్ని రెండు చేశాడు. డబ్బున్న జాంజిబార్ ఒకరికి, బీద మస్కట్ ఇంకొకరికి. ఒమాన్ ఆ దెబ్బ నుంచి వందేళ్లు లేవలేదు. పాకిస్తాన్‌లోని గ్వాదర్ కూడా 1958 దాకా ఒమాన్‌దే, అమ్మేశారు.

1970 జూలై 23న ఖబూస్ సుల్తానైన తన తండ్రిని దింపి గద్దెనెక్కేనాటికి దేశం మొత్తానికి మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు. దక్షిణాన దోఫార్‌లో యుద్ధం. 1964 విప్లవంలో జాంజిబార్ నుంచి తరిమేసిన ఒమానీలని ఆయన వెనక్కి పిలిచాడు. వాళ్లు చదువుకున్నవాళ్లు, ఆఫీసులు నడిపింది వాళ్లే. మస్కట్‌లో టాక్సీ ఎక్కితే డ్రైవరు ఫోన్లో స్వాహిలీ మాట్లాడటం నేను చాలాసార్లు విన్నాను. ఇక్కడ టాక్సీ నడపడం ఒమానీలకే. ఆయిల్ తక్కువ, జనం ఎక్కువ కాబట్టి ప్రభుత్వం అందరికీ కుర్చీ ఉద్యోగం ఇవ్వలేదు. యూఏఈ, ఖతార్‌లలో పౌరులు జనాభాలో పదో వంతుకి అటూ ఇటూ. కువైట్‌లో మూడో వంతు లోపు. ఒమాన్‌లో సగానికి పైనే. మీ పిల్లలకి ముందు ఈ లెక్క చెప్పండి సార్, మిగతాది వాళ్లకే అర్థమవుతుంది.

బార్కస్_బిడ్డ

సలాం. అందరూ డబ్బున్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, ఆ వరసలో ఇంకో పొరుగువాడు ఉన్నాడు, యెమన్. మా ముత్తాతలది అక్కడి హద్రమౌత్. నిజాం సైన్యంలో పనికి హైదరాబాద్ వచ్చారు, మేముండే బార్కస్ వాళ్ల బ్యారక్‌లే. ఆ రోజుల్లో డబ్బు ఇటు నుంచి అటు వెళ్లేది. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాద్‌లో జమేదారు. ఇక్కడ సంపాదించిన డబ్బుతో ఆయన కుటుంబం హద్రమౌత్‌లో రాజ్యమే స్థాపించింది, ముకల్లా రాజధానిగా 1967 దాకా ఏలింది. ఏడెన్ రేవైతే 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం.

తర్వాత యెమనీలు సౌదీకి కూలికి వెళ్లారు. 1990లో కువైట్ విషయంలో యెమన్ ఐక్యరాజ్యసమితిలో తమ వైపు నిలబడలేదని సౌదీ నిబంధనలు మార్చింది, లక్షల మంది యెమనీలు కొన్ని నెలల్లోనే మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. అప్పుడే ఏకమైన బీద దేశం, ఆ దెబ్బకి తేరుకోలేదు. కువైట్ నుంచి పాలస్తీనా వాళ్లూ అలాగే వెళ్లిపోయారు, యుద్ధానికి ముందు నాలుగు లక్షల దాకా ఉండేవాళ్లు.

సాల్మియా_అకౌంట్స్

తమ్ముడూ, నువ్వు చెప్పింది చాలా ముఖ్యం. అరబ్బులు వెళ్లిపోయిన పనుల్లోకే ఆసియా వాళ్లు ఇంకా ఎక్కువగా వచ్చారు. భాష రానివాడు రాజకీయం మాట్లాడడని ధైర్యం. మన గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చిన అక్కలు ఖాదిం అనే ఇంటిపని వీసా మీద ఇళ్లల్లో పనిచేస్తారు, యజమానుల్ని బాబా, మామా అని పిలుస్తూ. ఆకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కఫీల్ అనే ఆ యజమాని చేతిలో. మా దూరపు బంధువు ఒకావిడ పాస్‌పోర్టు రెండేళ్లు ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయింది, తల్లి చనిపోయినా వెళ్లలేకపోయింది. ఊళ్లో ఏజెంటుకి కట్టిన అప్పు తీరాలి కాబట్టి నోరెత్తలేదు.

చదువరి గారు రాసిన ముత్యాల అప్పు చదువుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది. అడ్వాన్స్, అప్పు, పుస్తకం ఇంకొకరి చేతిలో. సముద్రంలో ఉన్న పద్ధతి ఇళ్లల్లోకి వచ్చిందని చరిత్ర రాసినవాళ్లు కూడా కొందరు అంటారు. ఆయిల్‌కి ముందున్న అలవాట్లే ఆయిల్ తర్వాతా నడిచాయని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దేరా_దుకాణం

మా దగ్గర కఫీల్‌ని వదిలి పారిపోయినవాణ్ణి కల్లివెల్లి అంటారు. ఒక్క ఆకామా పోతే మనిషికి ఆస్పత్రి కూడా ఉండదు. పిల్లలకి ఇది కూడా చెప్పండి సార్.

లెక్చరర్_రాయచోటి

తప్పకుండా చెప్తాను. ఇన్నేళ్లుగా పుస్తకాల్లో వెతికింది ఇక్కడ దొరికింది. మూడు క్లాసులుగా విడగొట్టి చెప్పాలనుకుంటున్నా: ముత్యాలు, వర్తకులు ఒకటి, సరిహద్దులు, దిగ్బంధాలు ఒకటి, పౌరులు, కూలీలు ఒకటి. కువైట్‌లో 1982లో ఏదో షేర్ల కుంభకోణం జరిగిందని విన్నాను, దాని గురించి ఎవరైనా రాస్తారా? ముహర్రక్ తమ్ముడూ, ఆ ముత్యాల రోజుల ఇళ్లు ఇంకా ఉన్నాయా? మా అబ్బాయి మనామాలో ఉన్నాడు, ఫోటోలు తీయిస్తాను.

సాల్మియా_అకౌంట్స్

సూఖ్ అల్ మనాఖ్ సార్. ఏసీ ఉన్న పార్కింగ్ భవనంలో నడిచిన అనధికార షేర్ల బజారు. ముందు తేదీలేసిన చెక్కులతో కొనుగోళ్లు, బహ్రెయిన్‌లో, యూఏఈలో రిజిస్టరైన కాగితపు కంపెనీలు. 1982 ఆగస్టులో కూలేసరికి చేతులు మారిన చెక్కుల మొత్తం సుమారు 9400 కోట్ల డాలర్లు. ప్రభుత్వం దాన్ని ఎలా చక్కబెట్టిందో ఈ వారాంతంలో విడిగా రాస్తాను, అది పెద్ద కథ.

ముహర్రక్_నుంచి

ఉన్నాయి సార్. ముహర్రక్‌లో ముత్యాల వర్తకుల ఇళ్లు, నఖుదాల ఇళ్లు, కొట్లు కలిపి మూడున్నర కిలోమీటర్ల దారి చేశారు. 2012లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అబ్బాయిని బూ మాహిర్ కోట దగ్గర మొదలుపెట్టమనండి, పడవలు బయల్దేరింది ఆ ఒడ్డు నుంచే. సియాదీ ఇంటి దాకా నడవాలి. డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం నాలుగింటికి వెళ్తే హాయిగా ఉంటుంది. శుక్రవారం నాకు సెలవు, ముందు రోజు ఇక్కడే మెసేజ్ పెడితే నేనే దగ్గరుండి చూపిస్తాను.